అర గడి

మేం నేతపనికి వలసొచ్చిన లింబాయత్ గల్లీలో నరహరిని అందరూ గ్రాఫ్ మాస్టర్ అనేవారు. చీర అంచులో నెమలి తల ఎటు తిప్పాలో, సాంచా అని మేం పిలిచే మరమగ్గం మీద నేత మొదలుకాక ముందే గళ్ల కాగితం మీద తేల్చేవాడు. ఒక్కో గడి ఒక్కో పోగు. పోగు లేవాలంటే గడి నింపాలి, వద్దంటే ఖాళీగా వదలాలి. కంప్యూటర్లు వచ్చి ఆ పని పోయింది. తనూ అందరిలాగే సాంచా నడపసాగాడు. మిగిలిన కాగితాలు కూతురు హారతి కోసం దాచాడు.

హారతి పదో తరగతి. తల్లి లేదు. కామ్‌రేజ్ దగ్గర ఒక ట్రస్టు హాస్టల్లో పెట్టి పై చదువు ఉచితంగా చెప్పిస్తుందట, పరీక్ష రాసి నెగ్గిన నలభై మందికే. బిడ్డకు అదొక్కటే దారని నరహరి నమ్మాడు.

నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఎవరింట్లో ఏం జరుగుతుందో తెలియకపోతే నాకు ముద్ద దిగదు. ఒక ఆదివారం వెళ్లి తండ్రీకూతుళ్ల మధ్య చతికిలబడ్డాను.

"ఏందే హారతీ, గీ పాము లెక్క గీత?"

"సమీకరణం అవ్వా. జర కఠిన్ ఉంటది, సూత్రంతోని రాదు. గీ వంకర గీత ఒక దిక్కు, సీదా గీత ఇంకో దిక్కు. రెండు కలిసిన కాడ జవాబు."

"కలువకపోతే?"

"జవాబే లేనట్టు."

"మా ముసలోడు నేను ఉన్నట్టు."

నరహరి పడీపడీ నవ్వాడు. తర్వాత కూతురి చేతిలో పెన్సిల్ సరిచేశాడు. "చుక్క గడి నడుమ పెట్టు బిడ్డా. గీత మీద పెడితే ఏ పోగు లేవాలె?"

అడ్డంగా ఒక వరుస, నిలువుగా ఒక వరుస గళ్లు తానే నల్లగా నింపి ఇచ్చేవాడు. అవి కలిసిన గడే సున్న. అక్కడి నుంచి లెక్కపెడితే, పుస్తకం వెనక ఉన్న జవాబే ప్రతిసారీ వచ్చేది.

పరీక్షలో రెండు మార్కుల తేడాతో సీటు పోయింది. పేపరు కష్టంగా వచ్చిందని తండ్రికి చెప్పింది. ఆయన ఆమె తల నిమిరి పనికి వెళ్లాడు.

నేను ఊరుకుంటానా? మర్నాడే వెళ్లాను.

"గంత మంచిగ గీస్తివి గదనే, ఏడ తప్పినవ్?"

మళ్లీ అడిగాను. మూడోసారికి కళ్లు తుడుచుకుంది.

"గాడ అడ్డగీత, నిలువుగీత ముందే అచ్చేసి ఇచ్చిండ్రు అవ్వా. సున్న గీతలు కలిసే కాడ ఉన్నది. చుక్కలు గూడ గీతలు కలిసే కాడనే పెట్టాలె. నేను ఆదత్ కొద్ది గడి నడుమ పెట్టిన. జవాబు అర గడి పక్కకు పోయింది. బాపుకు చెప్పకు, నా మీద ఒట్టు."

గుమ్మంలో పాల ప్యాకెట్టుతో నరహరి నిలబడి ఉన్నాడు.

ప్యాకెట్టు కింద పెట్టాడు. "సాంచా మీద అర పోగు అనేదే ఉండదు బిడ్డా."

ఇప్పుడు హారతి డిండోలిలో చీరలకు లేసు కుడుతోంది. నరహరి కాగితాలన్నీ పాతసామానువాడికి వేస్తుంటే ఒకటి అడిగి తెచ్చుకున్నాను. చుక్కలన్నీ గళ్ల నడుమే ఉన్నాయి. ఒక్క చుక్క మాత్రం గీతలు కలిసే చోట ఉంది. చెరిపి పెట్టి, చెరిపి పెట్టి, అక్కడ కాగితం చిరిగిపోయింది.

ఇది ఎప్పుడు పెట్టినవ్ నరహరీ, పరీక్షకు ముందా ఎనుకా అని నోటిదాకా వచ్చింది. అడగలేదు.