కడపటి పదకొండు నిమిషాలు

కినత్తుకడవు ఊరి కల్యాణసుందరం సినిమా మొదలుపెడతాడు, ముగించడు. అరవై ఆరేళ్ల జీవితంలో ఆయన గురించి చెప్పుకోదగ్గ వింత ఇదొక్కటే. ఊరికి అది చాలింది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు తన ఎండుకొబ్బరి షెడ్డు కిటికీలకు గోనెలు కట్టి, గోడమీది తెల్ల పంచెపై పాత వీడియో ప్రొజెక్టరుతో ఆయన వేసేది ఎప్పుడూ ఒకే సినిమా. ఇంగ్లీషుది. ఒకనాటి కుర్రకారును ఊపేసిన రాక్ పాటలను పూసల్లా ఏరి, కథ అనే దారానికి గుచ్చిన సంగీతచిత్రం. దారం పలుచన, పూసలు మాత్రం గట్టివి. నిడివి నూట పన్నెండు నిమిషాలు. నూట ఒకటో నిమిషంలో, వేదికమీది గాయకుడు కడపటి పాటకు నోరు తెరవగానే, ఆయన క్యాసెట్‌ను నిలిపేస్తాడు. నూట ముప్ఫై ఆదివారాలుగా ఆ గాయకుడు నోరు మూయలేదు.

ఈ అంకెలన్నీ కార్తీక నోటుపుస్తకంలోనివి. ఆమె కోయంబత్తూరు కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తుంది. కల్యాణసుందరం ఆమెకు పెదనాయన. ఆమెను పిలిపించినది మాత్రం పెద్దమ్మ రంగనాయకి.

"నీవు సైన్స్ చదివినదానివి గదమ్మా. చూసి చెప్పు. ఆయనకు పైత్యమా, లేకుంటే ఆ షెడ్డులో పేయో దయ్యమో ఉండాదా?"

"పేయిని ఎవరు చూసినారు పెద్దమ్మా?"

"ఎవరూ చూడలే. విన్నారు. ఏదైనా సెరి, వచ్చే ఆదివారం సినిమా పడం కడశీదాకా, ముగిసేదాకా, వెయ్యలేదంటే షెడ్డుకు బీగం వేస్తాను. ఆ సినిమా పెట్టెను పాత ఇనుముకు ఇచ్చేస్తాను."

ఆనాడు ఆదివారమే. మధ్యాహ్నం కార్తీక షెడ్డులో కూర్చుంది. ప్రేక్షకులు తొమ్మిదిమంది. ఇరుపక్కలా అటకలమీద ఆరబెట్టిన కొబ్బరి చిప్పలు వేలకొద్దీ తెల్లగా, వింటున్న చెవుల్లా తెరవైపు తిరిగి ఉన్నాయి. పాట మొదలైంది. కొబ్బరికాయలు కొట్టే రాసాత్తికి ఇంగ్లీషు ముక్క రాదు, అయినా ఆమె కాలు ఎవరూ అడగకుండానే ఆడసాగింది. కల్యాణసుందరం వంగిన నడుము రెండు అంగుళాలు నిటారైంది. (కార్తీక కొలవలేదు, అంచనా వేసింది.)

నాలుగు గంటల పదకొండు నిమిషాలకు బొమ్మ నిలిచింది. తెరచిన ఆ నోరు తెల్ల పంచెపై వణుకుతూ ఉంది. గిటారు కంపనం గదిలో ఎక్కడో ఇంకా మిగిలినట్టే తోచింది. ఎవరూ లేవలేదు. అందరూ తెర వెనుక గోడను చూస్తున్నారు.

టక్. టక్. టక్. టక్.

గోడలోనుంచే వచ్చింది. గోడకు ఆవల సందు తప్ప ఏమీ లేదు.

"వచ్చేసినాడు," అంది రాసాత్తి గుసగుసగా, నిట్టూర్చి లేస్తూ. "ఇంక ఇంటికి పోదాం."

"ఎవరు?"

"పాట్టుకారన్ పేయి అమ్మా, పాటగాడి దయ్యం. కడశీ పాట వింటే మనిషిని పట్టుకుంటాదంట. అందుకే అయ్య నిలిపేస్తాడు. మంచి మనసు అయ్యకు."

"భయం లేదా? వారం వారం వస్తుండారే!"

"భయముండాది. పాట బాగుండాది గదా!"

కార్తీక పెదనాయననే అడిగింది. "ముగింపు చూడాలని లేదా పెదనాయనా?"

"నేనూ చూడలేదమ్మా." ఆయన క్యాసెట్‌ను పసిబిడ్డలా తుడుస్తున్నాడు. "ఎనభయ్యొకటిలో కాలేజీ ఎగ్గొట్టి పోయినాము, నేనూ నా స్నేహితుడు ఈశ్వరనూ. సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి థియేటర్లో కరెంటు పోయింది. ఆ పాటలు వింటే నాకు ఇరవై రెండేళ్లు. ముగింపు వస్తే మళ్లీ అరవై ఆరు. ఎందుకమ్మా?"

జవాబు అందంగా ఉంది. అందుకే ఆమెకు నమ్మకం కలగలేదు. పైగా ఫోనులో రికార్డు చేసిన ఆ చప్పుళ్లను కొలిస్తే, ఒక్కొక్కదాని మధ్య వ్యవధి సరిగ్గా సున్నా పాయింట్ ఆరు సెకన్లు. పేయికి ఇంత తాళజ్ఞానం ఎక్కడిది? అది డ్రమ్ములవాడు పాట ఎత్తుకునే ముందు కర్రలతో కొట్టే లెక్క.

మరునాడు పగటి వెలుతురులో తెర వెనుక వెతికితే, గోడ అడుగున రెండంగుళాల ఇనుప పైపు మొదలు కనబడింది.

"అదా? రెండున్నరేళ్ల కింద అయ్య వేసినాడు," అంది రాసాత్తి. "ఒక్క చుక్క నీళ్లు రాలే."

కార్తీక చెవి ఆనించింది. నీళ్లు లేవు. ఎవరో మెల్లగా ఊపిరి తీస్తున్నారు.

ఆమె పైపు వెంబడి నడిచింది. సందు దాటి, నూట నలభై అడుగుల తరువాత, అది ఈశ్వరన్ ఇంటి వెనుక గదిలోకి పోయింది. పక్షవాతంతో మంచం పట్టిన ఈశ్వరన్‌ను ఊరు ఏనాడో పోయినవారిలో కలిపేసింది. పైపు కొస ఆయన తలగడ పక్కన తేలింది. దానికి నూనె పోసే గరాటు బిగించి ఉంది. కదిలే కుడిచేతిలో ఒక పాత డ్రమ్ము కర్ర.

"కొలతలు అయినాయా అమ్మీ?" అన్నాడాయన, నత్తినత్తిగా, కళ్లతో నవ్వుతూ. "సెరి, కూర్చో."

ఆయన చెప్పినది ఇది. రెండున్నరేళ్ల కింద ప్రాణం కొట్టుమిట్టాడుతుంటే, ఈ ప్రాంతపు వాడుక ప్రకారం, సొంత తోట మట్టిని పాలలో కరిగించి నోట్లో పోశారు. మట్టిమీది ఆశ తీరితే ప్రాణం సుఖంగా పోతుందని. అప్పుడే ఎక్కడో ఆ క్యాసెట్ సంపాదించి తెచ్చిన కల్యాణసుందరం మంచం పక్కన భోరుమన్నాడు.

"వాడట్ల ఏడుస్తుంటే ఏదో ఒకటి చెప్పాల్నా వద్దా? మట్టి ఉమిసి, 'ఆ పడం కడశీ చూడలేదేరా' అన్నాను. అంతే. పట్టుకున్నాడు. నా ఆశ తీరితే గదా నేను పోయేది? తీరనియ్యడంట. నేను నిద్రలో ఉండాననుకొని చెవిలో చెప్పినాడు. పడం ఈడ వేస్తే కడశీదాకా వెయ్యమని అడుగుతానని షెడ్డులో వేస్తాడు, పాటలు నాకు వినబడేదానికి పైపు వేసినాడు. వాడు నిలిపితే, ఇంకా ఉండానురా అని నేను కర్రతో కొడతాను."

"పెద్దమ్మకు చెప్పవచ్చు గదా మామా?"

"చెప్తే? 'ప్రాణాన్ని కట్టేసి పెట్టేది పాపం, కడశీ చూపించి పంపండి' అంటారు ఆడవాళ్లు. వచ్చే ఆదివారం వెయ్యాల్సిందేనంట. వాడు మూడు దినాలుగా అన్నం తినలే."

కార్తీక అడిగింది. "ముగింపు వింటే నిజంగా..."

"ఏమీ కాదు." ఈశ్వరన్ గొంతు తగ్గించాడు. "మరునాడే ఒంటిగా పోయి చూసేసినాను, ఎనభయ్యొకటిలో. అందరూ ఒక బస్సెక్కి పాడుకుంటూ పోతారు. చప్పిడి ముగింపు. వాడిని విడిచి చూసినానని నలభై నాలుగేళ్లుగా చెప్పలే. ఇప్పుడు చెప్తే ఆదివారం వాడు దేనికి లేస్తాడు? వాడికి చెప్పవద్దు."

తరువాతి ఆదివారం రంగనాయకి ఒడిలో బీగంతో ముందు వరుసలో కూర్చుంది. నాలుగు గంటల పది నిమిషాలు. కల్యాణసుందరం మీటమీద వేలు పెట్టాడు. భార్యవైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన వేలు తీసి, కళ్లు మూసుకున్నాడు. తెరమీద గాయకుడు నోరు తెరిచాడు.

షెడ్డు చీకటైపోయింది.

టక్. టక్. టక్. టక్.

రంగనాయకి గోడవైపు తిరిగింది. "ఆ కొట్టేది..." అంది. "మా పెళ్లి విందులో పాటకు ముందు ఇట్లే కొట్టినాడు ఈశ్వరన్ అన్న."

రంగనాయకి లేచి కిటికీ గోనె తొలగించింది. పక్కింట్లో ఫ్యాను తిరుగుతూ ఉంది. ఎదురింట్లో టీవీ మోగుతూ ఉంది. ఆమె చూపు కార్తీక బిగించిన గుప్పిటమీద ఆగింది. వేళ్ల సందులోంచి పీకిన ఫ్యూజు పింగాణీ తెల్లగా కనబడుతోంది.

"కరెంటు పోతే మనిషి ఏమి చేస్తాడు పావం?" అంది రంగనాయకి, బీగాన్ని కొంగులో ముడివేస్తూ. "వచ్చే ఆదివారమూ పోతుందేమో. కొంచం ముందే వచ్చేయి కార్తీకా."

కార్తీక నోటుపుస్తకం తీసి రాసింది: నాలుగు గంటల పదకొండు నిమిషాలు. ప్రదర్శన నిలిచినది. కారణం, విద్యుత్ అంతరాయం.

ఆ పుస్తకంలో ఆమె రాసిన తొలి అబద్ధం అదే. ఇప్పటివరకూ కొట్టివేయలేదు.