పెట్టుకున్న రంది

మా దగ్గర జ్వరం వస్తుంది, షుగర్ వస్తుంది, కీళ్ళవాతం వస్తుంది. రంది మాత్రం రాదు, దాన్ని మనిషే పెట్టుకోవాలి. దిగులుకు మేం వాడే మాట అది. నా భార్య మంచం పట్టినప్పటి నుంచి ఆ 'పెట్టుకోవడం' అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

గార్లలో నాది మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం. కాలిపోయిన మోటారు తెచ్చిన రైతు ఎవడూ దాన్ని ఎందుకు రంది పెట్టుకున్నావని అడగడు. బాగు చేయమంటాడు, ఎప్పుడిస్తావని నా ప్రాణం తోడేస్తాడు. అదే రైతు మా ఇంటికి పరామర్శకు వస్తే మాత్రం మంచం పక్కన కుర్చీ వేసుకుని, నీకేం తక్కువైందమ్మా అని మొదలుపెడతాడు. ఆమె గోడవైపు తిరుగుతుంది. ఆయన నావైపు తిరుగుతాడు. రంది ఉందంటే దానికో కారణం ఉండాలి కదా, ఇంట్లో కంటికి కనబడే కారణాన్ని నేనే. తాగుతానేమో, కొడతానేమో అని నా మొహంలో వెతుకుతారు. వాళ్ళకు చాయ్ కూడా నేనే పెట్టాలి.

మానుకోట దవాఖానలో డాక్టరమ్మ అన్నీ అడిగింది గానీ, తప్పెవరిదని అడగలేదు. ఇది జబ్బు, గోలీలు చాలాకాలం వాడాలి, బాగైనట్టు అనిపించినా నేను చెప్పేదాకా ఆపొద్దు అంది. నెలలు గడిచాక నా భార్య లేచింది. తల దువ్వుకుంది. జొన్నరొట్టె చేసి, మాడిందని తనను తానే తిట్టుకుంది. ఆ తిట్టు విని నాకెంత సంతోషమైందో చెప్పలేను.

అంతలో చిట్యాల నుంచి మా వదిన వచ్చింది. నా భార్యకు సొంత అక్క, తల్లి పోయాక తల్లిలాంటిది. మనిషి మంచిదే, అదే నా కష్టం. చెడ్డదైతే వాకిట్లోంచే పంపేవాణ్ణి. మంచిగానే ఉన్నావు కదా, ఇంకా గోలీలెందుకు, అలవాటైతే వదలవు, రంది పెట్టుకోకుంటే చాలు అని చెల్లెలికి చెప్పి, పచ్చడి సీసా ఇచ్చి పోయింది. గోలీల వల్లే మంచిగా ఉందన్న సంగతి ఆమెకు తట్టలేదు. నా భార్య నాకు చెప్పకుండా గోలీలు మానేసింది. దువ్వెన మళ్ళీ ముట్టుకోవడం లేదని చూశాక గానీ నాకు తెలియలేదు.

మళ్ళీ మానుకోట రైలు, మళ్ళీ చీటీ కోసం లైను, మళ్ళీ మొదటి నుంచి గోలీలు. ఈసారి ఆమె వేసుకోనంది. వేసుకుంటే అందరూ పిచ్చిదంటున్నారట. పొద్దున బతిమాలేవాణ్ణి, తిన్నాక బతిమాలేవాణ్ణి. విసుగొచ్చి దుకాణానికి పోయి రాగితీగ మీద కోపం తీర్చుకునేవాణ్ణి. ఇట్లాగే ఉంటే అన్నం కూడా మానేస్తుందేమోనని నా భయం.

సంగతి తెలిసి వదిన మళ్ళీ వచ్చింది. మంచం మీద కూర్చుని చెల్లెలి చేయి పట్టుకుంది.

"మల్లెందుకే రంది పెట్టుకున్నవ్?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచాను. నాకంటే ముందు మంచం మీది నుంచి మాట వచ్చింది.

"నేను పెట్టుకోలే అక్కా. పెట్టుకున్నదైతే ఎప్పుడో తీసి అవుతల పడేద్దును."

చాలా రోజుల తర్వాత ఆమె అంత పెద్ద మాట మాట్లాడింది. వదిన చేయి వదల్లేదు. నేను గోలీ, నీళ్ళు తెచ్చి ఊరికే నిలబడ్డాను. బతిమాలే ఓపిక లేదు. నా భార్య అక్క మొహంలోకే చూస్తూ గోలీ తీసుకుని మింగింది.

వదినను ఆటో ఎక్కించడానికి బయటికి వచ్చాను. ఇప్పటికైనా అర్థమైందనుకున్నాను. ఆటో కదిలేముందు ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"సగమైనవ్ మరిదీ. నువ్వు సుత రంది పెట్టుకోకు."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. లోపలికి వస్తే నా భార్య అడిగింది.

"ఏమన్నది అక్క?"

"నన్ను గూడ రంది పెట్టుకోవద్దన్నది."

ఆమె నా మొహంలోకి చూసింది. నువ్వెట్లా ఉన్నావని నన్ను అడిగినవాళ్ళు లేక ఎన్నాళ్ళయిందో.

"పెట్టుకున్నవా?"

"లే. వచ్చింది."

ఆమె కాళ్ళు ముడుచుకుని మంచం మీద నాకు జాగా ఇచ్చింది.