విడిదికిచ్చిన ఇల్లు

నా విడాకుల పంచాయితీ చిత్తూరులో, మా మేనమామ బెల్లం మండీలో జరిగింది. తొంభైల చివరి మాట. కోర్టు తీర్పు తర్వాత వచ్చింది గానీ, మా వైపు అసలు తీర్పు పెద్దమనుషులు కూర్చున్ననాడే అయిపోతుంది. అటువాళ్లు నలుగురు, ఇటువాళ్లు నలుగురు, మధ్యలో కాఫీ గ్లాసులు. నన్ను వెనక ఇంట్లో ఆడవాళ్లతో కూర్చోబెట్టారు. బయట నా బతుకు గురించి మాట్లాడుతుంటే లోపల నేను గింజల కోసం అనపకాయలు ఒలుస్తున్నాను.

పొద్దు వాలే వేళకు మామ లోపలికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఇల్లు నీకు, దానిమీద అప్పు వానికి. బిడ్డకని వేరే ఏమీ అడగమని ఒప్పుకున్నాం. ఇల్లు నిలబెట్టినాం పాపా" అన్నాడు.

ఆ మాటే స్టాంపు కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టారు. మా అమ్మ దేవుడి పటం ముందు దీపం పెట్టింది. కూతురి కాపురం పోయిన రోజున దీపం పెట్టే తల్లి మా అమ్మ ఒక్కతేనేమో అనుకుని, నవ్వొచ్చి, ఆ వెంటనే చెడ్డ కోపమొచ్చింది.

ఆ ఇల్లు తిరుపతిలో, తిరుచానూరు పోయే దారిలో ఉంది. నావీ మా ఆయనవీ, ఇద్దరి పేర్ల మీద కొన్న జాగా, ఇద్దరి సంతకాలతో తీసుకున్న బ్యాంకు అప్పు. ఆయనది ప్రభుత్వోద్యోగం. నేను ప్రైవేటు బళ్లో లెక్కల టీచర్ని. వాయిదాలు ఆయన జీతంలోంచి పోయేవి, ఇల్లు నా జీతంతో గడిచేది. కట్టేటప్పుడు గోడలు తడిపింది నేను. బడికి పోయే ముందొకసారి, వచ్చాక ఒకసారి, కడుపులో బిడ్డను పెట్టుకుని బావిలోంచి నీళ్లు చేది ఆ పచ్చి గోడల మీద పోసేదాన్ని. మేస్త్రీ వద్దన్నా వినేదాన్ని కాదు. అందుకే ఇల్లు నీకు అని మామ చెప్పినప్పుడు నాకు పొంగిపోవాలనిపించలేదు. ఇంకెవరికట, అనుకున్నాను.

మేమందరం కలిసి చేసిన తప్పు ఒకటుంది. ఆ పంచాయితీలో బ్యాంకు కూర్చోలేదు. పదిమందిలో ఒక మాట అనుకున్నాక దాన్ని కాదనేవాళ్లు ఉంటారని మావాళ్ల ఊహకు అందదు. పొలం గట్లు, బావిలో వంతులు, అన్నదమ్ముల పంపకాలు అన్నీ అట్లాగే తేల్చినవాళ్లు. అప్పు వానికి అని రాస్తే అప్పు లేచి వాడి దగ్గరికి నడిచిపోతుందని నమ్మారు. రోజూ పిల్లలకు లెక్కలు చెప్పే నేనూ నమ్మాను.

ఆయన కొన్నాళ్లు కట్టాడు. తర్వాత పలమనేరుకు బదిలీ అయి, అక్కడ రెండో పెళ్లి చేసుకుని, కట్టడం మానేశాడు. ఆ సంగతి నాకు బ్యాంకు ఆఫీసరు వచ్చి చెప్పేదాకా తెలియదు. ఆదివారం పూట వచ్చాడు. వసారాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, బీరువాలోంచి స్టాంపు కాగితం తెచ్చి చేతికిచ్చాను. పాపం, మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"బాగా రాసినారమ్మా. అయితే మాకు చెల్లదు. అప్పు పత్రం మీద ఇద్దరి సంతకాలుండాయి. మీలో మీరు పంచుకుంటే మేం పంచినట్టు కాదు గదా" అన్నాడు. ఏడాదికి పైగా బాకీ పడిందనీ, కట్టకపోతే ఇల్లు వేలానికి పోతుందనీ చెప్పి, గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. మర్యాదస్తుడు. అరిచుంటే నేనూ అరిచేదాన్ని, కాస్త ఊరట దొరికేది.

పలమనేరుకు ఫోన్ చేశాను. "నేనుండని ఇంటికి నేనేంటికి కట్టల్ల?" అన్నాడు ఆయన. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర సరైన తిట్టు లేదు.

మామ చిత్తూరు నుంచి పరిగెత్తుకొచ్చాడు. వాని సంగతి తేలుస్తానని పలమనేరుకు రెండుసార్లు పోయి, రెండుసార్లూ ముఖం మాడ్చుకుని వచ్చాడు. చివరికి, "అమ్మేద్దాం పాపా. వాడు సంతకానికి సగం అడుగుతాడు, అడగనీ. మిగిలింది నీ పేరున వేస్తా. మా ఇంటి వెనక రెండు గదులుండాయి. అమ్మ తోడుంటాది. నీకేం తక్కువ చేస్తాం?" అన్నాడు. మామ మంచివాడే. తక్కువ చెయ్యడు కూడా. కానీ ఆ రెండు గదుల్లోకి పోతే నేను చచ్చేదాకా అనపకాయలు ఒలుస్తూ, నా గురించి బయట ఎవరేం మాట్లాడుకుంటున్నారో చెవి ఒగ్గి వింటూ ఉండాలి. రానన్నాను. మామకు కోపమొచ్చి అన్నం తినకుండానే బస్సెక్కాడు.

దారి చూపించింది మా వీధి చివర ఉండే పెళ్లిళ్ల వంటమేస్త్రీ. ఒకరోజు బాకీ సంగతి విని వచ్చి, ఇల్లంతా కలయ చూసి, "కొండమీద పెండ్లి చేసుకునేవాళ్లకు కింద రెండు మూడు రోజులు విడిది కావల్ల టీచరమ్మా. ముహూర్తాల్లో సత్రాల్లో సందు దొరకదు. మీ హాలు పెద్దది. బావిలో నీళ్లుండాయి. ముందర పందిరికి జాగా ఉండాది. ఇస్తే మంచి బాడుగ వస్తాది, వంట నాకొస్తాది" అన్నాడు.

ఇచ్చాను. ముహూర్తాలప్పుడు మా సామాను ఒక గదిలో వేసి తాళం పెట్టి, నేనూ నా కూతురూ వెనక వంటింటి పంచలోకి మారేవాళ్లం. నా మంచం మీద ఎవరి మేనత్తలో పడుకునేవాళ్లు. నా కూతురు పెళ్లి మేళం మోతలోనే పరీక్షలకు చదువుకుంది. వచ్చిన బాడుగ వచ్చినట్టు బ్యాంకులో కట్టేదాన్ని. ఆఫీసరు వేలం మాట కొంచెం వెనక్కి పెట్టాడు.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. పెళ్లికూతురు విడిదింటి గడప దాటి ముహూర్తానికి బయల్దేరేటప్పుడు, ఆ ఇంటి ఇల్లాలు హారతిచ్చి ఒడి నింపి పంపడం మావైపు ఆచారం. పసుపు, కుంకుమ, బియ్యం, కొబ్బరికాయ, రవికెగుడ్డ. సత్రంలో అయితే ఎవరూ ఎదురు చూడరు. ఇల్లన్నాక ఇంటామె ఏదీ అని అడుగుతారు. విడాకులైన ఇంటామె ముత్తైదువ అవునో కాదో ఎవరూ తేల్చలేదు. మొగుడు పలమనేరులో రాయిలాగా ఉన్నాడు. నా మెడ మాత్రం బోసిగా ఉంది.

"సారు క్యాంపుకు పోయినారని చెప్పండి, యాడిదో ఒక గొలుసు తగిలించుకోండి" అన్నాడు వంటమేస్త్రీ. నేను చెయ్యనన్నాను. పక్కింటి అత్తను పిలిపించి ఆ పని చేయించేదాన్ని. ఆమె పట్టుచీర కట్టుకొచ్చి, నా ఇంటి గడప మీద నిలబడి, నా పళ్లెంలో హారతిచ్చి, పెళ్లివారు పెట్టే రవికెగుడ్డ తీసుకుని పోయేది. నేను పంచలో నిలబడి చూసేదాన్ని. అది నన్ను బాకీ కంటే ఎక్కువ బాధపెట్టింది.

ఒక మాఘమాసంలో సూళ్లూరుపేట నుంచి పెద్ద పెళ్లివారు దిగారు. పక్కింటి అత్త ఆ వారం తడ ఊళ్లో ఉండే కూతురి కాన్పుకు పోయింది. బయల్దేరే వేళ పెళ్లికూతురి తల్లి పంచలోకి వచ్చి, "రాండమ్మా, ఇంటామె మీరే గదా, హారతియ్యాల" అని చెయ్యి పట్టుకుంది. వంటమేస్త్రీ ఆమె వెనక నుంచి నాకు కళ్లతో సైగలు చేస్తున్నాడు.

"నాకు విడాకులైనాయమ్మా. మీకు పట్టింపు లేకుంటే ఇస్తాను" అన్నాను.

ఆమె చెయ్యి వదిలింది. లోపలికి పోయి మగవాళ్లతో మాట్లాడింది. వాళ్లు తమలోనే ఒక పెద్దావిడతో హారతి ఇప్పించుకుని, పెళ్లికూతుర్ని పక్క తలుపు నుంచి తీసుకుపోయారు. బాడుగ మొత్తం ఇచ్చారు. కానీ ఆ మాట ఆ ఊళ్లోనూ చుట్టాల్లోనూ తిరిగింది. తర్వాతి ముహూర్తాలకు ఒక్కరూ రాలేదు. వంటమేస్త్రీ వీధిలో కనబడితే తల పక్కకు తిప్పుకునేవాడు. వాయిదాలు మళ్లీ తప్పాయి. బ్యాంకువాళ్లు ఈసారి వేలం కాగితం గేటుకే అంటించారు. బడి నుంచి వచ్చిన నా కూతురు అది చదివి, "అమ్మా, మనం యాడికి పోతాం?" అని అడిగింది. చిత్తూరుకని చెప్పడానికి నోరు రాలేదు. ఆ రోజు చాలా భయపడ్డాను.

తల తిప్పుకున్న వంటమేస్త్రీయే మళ్లీ వచ్చాడు. గేటు బయటే నిలబడి నసిగాడు.

"ఒక పెండ్లుండాది టీచరమ్మా. పదిమంది గూడా రారు. మేళం లేదు. పెండ్లికొడుక్కి ఇది రెండోది, ఆ బిడ్డకూ రెండోదే. ఎవరూ ఏమీ అడగని ఇల్లు కావల్లంట."

"నేనడగను."

"మీ కత గూడా చెప్పినా. చెప్పినాక, అయితే ఆ ఇల్లే కావల్లన్నారు."

ఆ పెళ్లికూతురిది చిత్తూరు పక్క పల్లె. ముప్ఫై దాటిన మనిషి. మొదటి భర్త చనిపోయాడు. వెంట ఏడేళ్ల పాప ఉంది. కన్నతల్లి ఈ పెళ్లికి రాలేదు. బయల్దేరే వేళ ఆమె గడప దగ్గర ఆగి, ఎవరైనా వస్తారేమోనన్నట్టు అటూ ఇటూ చూసింది. అక్కడున్న ఆడదాన్ని నేనొక్కదాన్నే. లోపలికి పోయి పళ్లెం తెచ్చాను. ఒడి పట్టమంటే పట్టింది. బియ్యం పోస్తుంటే ఆమె కళ్లనీళ్లు బియ్యంలో పడ్డాయి. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం ఏడ్చి, ముఖాలు తుడుచుకున్నాం. పాప మాత్రం కొబ్బరికాయ తనకు కావాలని మారాం చేసింది.

ఆ తర్వాత అట్లాంటివాళ్లే వచ్చారు. భార్య పోయిన మాస్టర్లు, విడాకులైన నర్సులు, కులం కుదరక ఇంట్లో చెప్పకుండా వచ్చిన జంటలు. సందడి వద్దనుకునేవాళ్లు తిరుపతికి వచ్చి చల్లగా పెళ్లి చేసుకుని పోతారని ఊరంతటికీ తెలుసు. వాళ్లు యాడ దిగుతారన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. వాళ్లకు పెద్ద ముహూర్తాలతో పనిలేదు కాబట్టి నా ఇల్లు ఏడాది పొడుగునా ఖాళీ లేకుండా ఉండేది. రవికెగుడ్డలు టోకున తెచ్చి బీరువాలో పెట్టుకున్నాను. గడప దాటే ప్రతి ఆడమనిషికీ నేనే ఒడి నింపేదాన్ని. బ్యాంకు ఆఫీసర్లు మారారు, బాకీ కరిగింది, వాయిదాలు సరైన తేదీకి వచ్చాయి. కొన్నేళ్లకు అప్పు పూర్తిగా తీరిపోయింది. నా కూతురు అప్పటికి కాలేజీకి పోతోంది.

అప్పు తీరినా ఇల్లు నాదని కాదు. బ్యాంకులో ఉన్న పత్రాలు విడిపించాలంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ తర్వాత రిజిస్ట్రారు ఆఫీసులో ఆయన తన సగం నాకు వదులుకున్నట్టు రాసివ్వాలి. సగం రొక్కం అడుగుతాడేమోనని నేను భయపడుతూనే ఉన్నాను. మామ ముసలితనంలో మరోసారి ఆ పాత స్టాంపు కాగితం పట్టుకుని పలమనేరుకు పోయాడు. బ్యాంకుకు చెల్లని కాగితం ఆయన దగ్గర చెల్లింది. డబ్బు కట్టమన్నప్పుడు మొండికేశాడు గానీ, ఇల్లు నీది కాదని పదిమందిలో పెట్టిన సంతకాన్ని కాదంటే చుట్టాల్లో తలెత్తుకోలేడు.

దర్శనానికి వచ్చే రోజు చూసుకుని భార్యతో సహా వచ్చాడు. బ్యాంకులోనూ రిజిస్ట్రారు ఆఫీసులోనూ చూపించినచోటల్లా సంతకం పెట్టాడు. నన్ను చూడలేదు. జుట్టు పలచబడింది. నాలో ఏమైనా కదులుతుందేమోనని చూసుకున్నాను. ఆకలి తప్ప ఏమీ లేదు.

బస్టాండుకు పోయే ఆటో మా ఇంటి మీదుగానే పోవాలి. ఆయన భార్య కాళ్లూ ముఖం కడుక్కుంటానంటే దిగమన్నాను. ఆయన లోపలికి రాలేదు. గేటు దగ్గరే నిలబడి వీధి వైపు తిరిగాడు. ఆ అమ్మాయి బావి దగ్గర ముఖం కడుక్కుని, వసారాలోకి వచ్చి, గడపను, గోడల్ని, కిటికీల్ని తెలిసినవాటిలాగా చూసింది.

"పెండ్లిచూపులప్పుడు ఈ ఇంటి ఫోటో చూపించినారక్కా" అంది. "తిరుపతిలో ఇల్లుండాది, బాడుగకిచ్చినామని చెప్పినారు. అది చూసే మా నాయన ఒప్పుకున్నాడు. మేమిప్పటికీ బాడుగింట్లోనే ఉండాము."

ఆ ఫోటో నాకు తెలుసు. గృహప్రవేశం నాడు తీసింది. గడప మీద నేను, చంకలో నెలల బిడ్డ. మమ్మల్ని కత్తిరించి చూపించాడో, పక్కకు మడిచి చూపించాడో నేనడగలేదు. పత్రాలు నా చంకలోనే ఉన్నాయి. ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఆ అమ్మాయి మీద కాదు.

"అట్లనే ఉండు" అని లోపలికి పోయి బీరువా తీసి, ఉన్నవాటిలో మంచి రవికెగుడ్డ ఏరి, పళ్లెంలో బియ్యం, కొబ్బరికాయ, పసుపు, కుంకుమ పెట్టి తెచ్చాను. ఆమె వద్దనడానికి నోరు తెరిచి, మళ్లీ కొంగు పట్టింది. నిండుగా పోశాను.

"తిరుపతికొస్తే యాడ దిగాలా అని ఆలోచించొద్దు. ఈడికి రా. నీకు బాడుగ లేదు" అన్నాను.

తర్వాత గేటు వైపు తిరిగి, అక్కడికి వినబడేలా గొంతు పెంచాను.

"ఆయనొస్తే మాత్రం బాడుగ తీసుకుంటా."