ఛాతీ మంటకు నేను చెప్పిన మందు

మా సైన్స్ సార్ పోయారు. మంగళవారం పొద్దున బడికి తయారవుతుంటే ఫోన్ వచ్చింది. చర్ల నుంచి భద్రాచలం దవాఖానాకు తెస్తుంటే, ఆ గుంతల రోడ్డు మీదే ప్రాణం పోయిందట. గుండెపోటు. ముందురోజు సాయంత్రం ఛాతీలో మంటని ఆయన ఫోన్ చేసింది నాకే. దానికి మందు చెప్పింది నేనే. ఈ మాట మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

చర్ల దగ్గర ఆశ్రమ పాఠశాలలో ఆయన మాకు మూడేళ్లు పాఠం చెప్పారు. పరమాణువు బొమ్మ బోర్డు మీద గీస్తే మా బుర్రలకు ఎక్కేది కాదు. అందుకని గ్రౌండులో ముగ్గుపిండితో మూడు వృత్తాలు గీసి మమ్మల్నే నిలబెట్టేవారు. లోపల ఇద్దరు, తర్వాత ఎనిమిదిమంది, చివర ఇద్దరు. మొత్తం పన్నెండు ఎలక్ట్రాన్లు, అదే మెగ్నీషియం. నడుమ ఒక పెద్ద రాయి న్యూక్లియస్. ఇప్పపూల కాలంలో సగంమంది పూలేరడానికి అడవికి పోయేవాళ్లు. అప్పుడు తక్కువైన ఎలక్ట్రాన్ చోట సారే వచ్చి నిలబడేవారు. అంత పొట్టతో ఎలక్ట్రానేంది సార్ అని మేం పడిపడి నవ్వేవాళ్లం.

చివరి వృత్తంలో ఎప్పుడూ నేనూ నా దోస్తూ. "మీ ఇద్దరికి పట్టు తక్కువ. ఆక్సిజన్ అడిగితే సాలు, ఉరుకుడే," అనేవారు. పక్కన గీసిన ఆక్సిజన్ వృత్తంలో రెండు ఖాళీలుండేవి. మేం ఉరికి వాటిలో నిలబడగానే, "అవ్, గిదే మెగ్నీషియం ఆక్సైడ్! తీగ కాలిస్తే మిగిలే తెల్లబూడిద," అని చప్పట్లు కొట్టేవారు.

సాయంత్రం వరండాలో బకెట్ నీళ్లలో ఎప్సం సాల్ట్ కలిపి, కాళ్లు ముంచుకుని మా నోట్సులు దిద్దేవారు. ఆ ఉప్పే మెగ్నీషియం సల్ఫేట్, దాని ఫార్ములా చెప్తేనే నోట్సు చేతికిచ్చేవారు. సంచీలో తెల్లమందు సీసా ఉండేది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్. కడుపులోని ఆమ్లాన్ని ఉప్పూ నీళ్లుగా మారుస్తుందని, ఒక గుక్క తాగి మరీ చెప్పేవారు. తప్పు జవాబు చెప్తే కోప్పడేవారు కాదు. తెలిసినట్టు నటిస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. "తెల్వకపోతే తెల్వదను బిడ్డా. సిగ్గేంది?"

నేనిప్పుడు పాల్వంచలో సైన్స్ టీచర్ని. ఈ ఉద్యోగం, ఈ బతుకు, అన్నీ ఆయన పెట్టినవే. సోమవారం పేపర్లు దిద్దుతుంటే ఫోన్ చేశారు.

"ఛాతిల మంటగున్నది బిడ్డా. ఎడమ చెయ్యి గూడ గుంజుతాంది. పగటీలి చేపల పులుసు గట్టిగ తిన్న."

"ఏంది సార్, నాకు నేర్పిందే మీరు," అని నవ్వాను. "మంటంటే ఆమ్లం. మీ తెల్లమందు రెండు చెంచాలు తాగుండ్రి. ఉప్పూ నీళ్లూ అయిపోతది."

ఆయనా నవ్వి పెట్టేశారు. చెయ్యి గుంజుతోందన్న మాట నా చెవిన పడింది. పడీ వదిలేశాను. ఛీ, ఏం టీచర్ని నేను! నాకేం తెలుసని చెప్పాను? వచ్చే వారం మా పిల్లలకు ఇదే ఆమ్లాల పాఠం చెప్పాలి. ఏ నోటితో చెప్పను?

మూడోరోజు చర్ల వెళ్లి సార్ భార్య కాళ్ల మీద పడ్డాను. "అమ్మా, నేనే తాగమన్న. దవాఖానాకు పొమ్మంటే బతుకుతుండె," అని ఏడ్చాను. ఆమె నన్ను లేపి పక్కన కూర్చోబెట్టుకుంది. నా తల నిమిరింది.

"ఏడ్వకు బిడ్డా. నీ మీద మస్తు ఖుషీగుండె ఆయన. పోదాం పా అని నేను ఆటో గూడ పిలిచిన. నీతోని మాట్లాడినంక వద్దని పంపేసిండు. 'నా స్టూడెంటు నాకే పాఠం చెప్పింది, ఎంత మంచిగ చెప్పిందో' అని మురుసుకుంట తాగిండు."

నన్ను ఓదార్చడానికే చెప్పింది. చెప్పి, లోపలికెళ్లి ఆయన మందు తాగిన గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. అడుగున మందు ఎండి తెల్లగా పొర కట్టింది. ఆమె దాన్ని ఇంకా కడగలేదు.