ఆడపడుచు మెచ్చుకున్న అడోబో

మా పెద్దమ్మ నికనోరాకి డెబ్బై రెండేళ్ళు. కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌లో ఒక వృద్ధాశ్రమం వంటగదిలో ఇరవై ఆరేళ్ళు చప్పిడి గుజ్జు వండిపెట్టి, ఇంటికొచ్చి మా అందరికీ అసలు వంట వండేది. మావాళ్ళలో ఫిలిప్పీన్స్‌లోని ఇలోకోస్ నుంచి ఎవరు కొత్తగా దిగినా విమానాశ్రయం నుంచి నేరుగా ఆవిడ గుమ్మంలోకే. నేను దిగినప్పుడు పదకొండేళ్ళవాణ్ణి. ఆ ఇంట్లో మూడు వారాలున్నాను, రెండు ప్యాంట్లు బిగుతయ్యాయి.

ఏటా జులైలో ఒక శనివారం, దక్షిణాన కార్సన్‌లో ఉన్న పార్కులో మా కుటుంబమంతా కలుస్తుంది. నలభై మందిదాకా వస్తారు. ఐదున్నర గంటల దారి. పన్నెండు సీట్ల వ్యాను నాది కాబట్టి డ్రైవరు ఉద్యోగమూ నాదే. అన్నం కుక్కరుకి సీటు బెల్టు పెట్టి మరీ కూర్చోబెడతారు గాని, నీ నడుం ఎలా ఉందిరా అని నన్నడిగే దిక్కులేదు. తిండి మాత్రం లోటుండదు. పెద్దమ్మ ముందురోజే పెద్ద గిన్నెడు అడోబో వండుతుంది. వెనిగర్, సోయా సాస్, వెల్లుల్లి, మిరియాలు వేసి మగ్గబెట్టిన పందిమాంసం. ఎండలో ప్రయాణం చేసినా చెడదు. దారిలో మాకూ, పార్కులో అందరికీ అదే.

ఆ వ్యానులో పెద్దమ్మ పక్క సీటు ఆవిడ ఆడపడుచు లియొనీలా అత్తది. నలభై ఐదేళ్ళుగా వదిన వండింది తింటూనే ఉంది, వంకలు పెడుతూనే ఉంది. మా అమ్మ చెయ్యి ఇలా ఉండేది కాదనేది. మాంసం ఉడికిందా, ఊరికే భయపడిందా అనేది. పెద్దనాన్న పోయి నాలుగేళ్ళయినా ఆ నోరు తగ్గలేదు. పెద్దమ్మకి ఆ వంకలు వినకపోతే తోచదని నా అనుమానం.

కరోనా వచ్చిన రెండో చలికాలం పెద్దమ్మకి జ్వరం తగిలింది. జ్వరం పోయింది గాని రుచీ వాసనా తిరిగి రాలేదు. రెండు వారాల్లో వచ్చేశాయని అందరికీ అబద్ధం చెప్పింది. ఎందుకంటే, నిజం తెలిస్తే ఆవిడ చేతిలోంచి గరిటె తీసేసుకుని, ఒక మూల కుర్చీ వేసి, "నువ్వు కదలకు, మేం చూసుకుంటాం" అంటారు. ఆ మాటంటే ఆవిడకి చచ్చేంత భయం. అందుకని కళ్ళతోనూ చెంచాల లెక్కతోనూ ఏడు నెలలు వండింది. తను మాత్రం కాఫీ తాగి పొద్దుపుచ్చేది. ఎవరైనా అడిగితే, "నేను ముందే తిన్నాను" అనేది. వండేవాళ్ళంతా ఆ మాటే అంటారు కాబట్టి మాకెవరికీ అనుమానం రాలేదు. బుద్ధి లేదు మాకు.

ఈ ఏడాది పొద్దున ఐదింటికి బయల్దేరి, ఎనిమిదిన్నరకి బటన్‌విల్లో అనే ఊరి దగ్గర రోడ్డు పక్కన ఆపాను. బల్ల మీద గిన్నె తెరిచారు. పెద్దమ్మ అందరికీ వడ్డించింది. మొదటి ముద్దకే నా నోట్లో ఉప్పు చురుక్కుమంది. సగం సీసా నీళ్ళు తాగేశాను.

"అదిరింది పెద్దమ్మా," అన్నాను.

అందరూ అదే వరస. సూపర్ అనేవాడొకడు, నీకు నువ్వే సాటి అనేవాడొకడు. మావాళ్ళు పెద్దవాళ్ళ ముఖం చిన్నబుచ్చడం కన్నా పేగులు కాల్చుకోవడమే నయమనుకుంటారు. చివరికి అందరి చూపూ లియొనీలా అత్త మీదికి పోయింది. ఆవిడ చాలాసేపు నమిలింది. మింగింది.

"బాగుంది వదినా," అంది.

పెద్దమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆడపడుచు ముఖంలోకి ఒకసారి చూసి గిన్నె మూత పెట్టేసింది. ఆ తర్వాత కొండ ఎక్కి దిగి కార్సన్ చేరేదాకా వ్యానులో అందరూ నీళ్ళసీసాలు ఖాళీ చేస్తూనే ఉన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పార్కులో అదే గిన్నె నలభై మంది ముందు తెరవాలి. ఒక్క నిజం చెప్పడానికి పది మందిలో మగాడు లేడు, ఆడది లేదు. అందులో నేనూ ఒకణ్ణి.

పార్కులో నేను వెనక తలుపు తీసి సామాను దించుతుంటే, వ్యాను చాటున పెద్దమ్మ ఆడపడుచు చెయ్యి పట్టుకుంది.

"నిజం చెప్పు నీలా."

"ఏం నిజం?"

"నలభై ఐదేళ్ళలో ఒక్కసారైనా బాగుందన్నావా? నా పెళ్ళినాడు పంది సరిగా కాలలేదన్నావు. అది కాల్చింది నేను కూడా కాదు!"

లియొనీలా అత్త చెయ్యి విడిపించుకోలేదు. "ఉప్పు రెండుసార్లు పడింది వదినా. వెనిగర్ అసలు పడలేదు. ఎప్పట్నుంచి?"

"జ్వరం వచ్చినప్పట్నుంచి."

"అందుకేనా ఇలా ఎండుచేపలా తయారయ్యావు! నేనింకా మా అన్నయ్య మీద దిగులనుకున్నా."

"వాళ్ళకి చెప్పకే."

"నేను చెప్పాలా? మూత తీస్తే నీ గిన్నే చెబుతుంది." ఆవిడ గిర్రున నావైపు తిరిగింది. "ఒరేయ్ అర్సెనీ! చెవులు రిక్కించింది చాలు, ఆ గ్యాసు పొయ్యి దించు. ఎవరైనా అడిగితే చల్లారింది, వేడి చేస్తున్నాం అను."

ఇద్దరూ పొయ్యి ముందు చేరారు. పాత పులుసు వంచేసి, నీళ్ళు పోసి మరిగించి, అదీ వంచేశారు. మళ్ళీ నీళ్ళు, సామానులోంచి తీసిన వెల్లుల్లి, మిరియాలు, వెనిగర్. లియొనీలా అత్త గరిటె పెట్టబోయింది.

"కలపకు! వెనిగర్ పోశాక మరిగేదాకా కలపకూడదు. ఇదికూడా నేర్పలేదా మీ అమ్మ?"

"మా అమ్మ జోలికి రాకు." రుచి చూసింది. "పులుపు తక్కువ."

"తక్కువంటే?"

"నాలుక చివర గుచ్చుతోంది గాని బుగ్గలదాకా రాలేదు."

"అయితే సీసా మూతతో ఇంకో రెండు పొయ్యవే."

అలా అరగంట. ఒకరు చెప్పడం, ఒకరు పొయ్యడం, మధ్యలో తిట్టుకోవడం. బల్ల మీద పెట్టాక జనం మూగారు. పెద్దమ్మే నిలబడి గరిటెతో అందరికీ వడ్డించింది. రెండోసారి వచ్చినవాళ్ళున్నారు. ఇంటికి పట్టుకెళ్తామని రేకు కాగితంలో చుట్టుకున్నవాళ్ళున్నారు. మెచ్చుకున్న ప్రతివాళ్ళ కళ్ళల్లోకీ పెద్దమ్మ తేరిపారా చూసింది. నిజమేనని నేను గట్టిగా చెప్పాలనుకున్నాను. పొద్దుటి అబద్ధం గుర్తొచ్చి, ఇంకో గరిటె వెయ్యమని కంచం చాపాను.

చివరికి ఆవిడ బెంచీ మీద కూలబడింది. లియొనీలా అత్త కంచం నిండా అన్నం, పైన అడోబో వేసి తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"నేను ముందే తిన్నాను," అంది పెద్దమ్మ.

"ఎప్పుడు? ఏడు నెలల కిందటా?"

పెద్దమ్మ తల దించుకుంది. "నాకేం తెలీదు నీలా. తడి కాగితం నమిలినట్టు ఉంటుంది. ఎందుకు తినడం?"

"వేడి తెలుస్తుందిగా?"

"తెలుస్తుంది."

"మెత్తగా ఉందో గట్టిగా ఉందో?"

"అదీ తెలుస్తుంది."

"మరింకేం. మిగతాది నేను చెబుతా. నోరు తెరు."

పక్కన కూర్చుని తన కోసం కూడా అదే కంచంలోంచి ముద్ద తీసుకుంది. ఇద్దరూ కలిసి నమిలారు. "ఇది పులుపు," అంది లియొనీలా అత్త. "ఆగు. ఇప్పుడు వెల్లుల్లి. ఇదిగో, ఇప్పుడు మిరియం తగిలింది." పెద్దమ్మ కళ్ళు మూసుకుని వింటూ నమిలింది. కంచం ఖాళీ అయ్యేసరికి ఇద్దరి బుగ్గలూ తడిసి ఉన్నాయి.