పాడే మనిషి గొంతు పోయాక

అంగళ్లు అనే ఊరి దగ్గర ఇంజినీరింగ్ చదివేటప్పుడు ముగ్గురం కలిసి ఒక బ్యాండు పెట్టాం. మదనపల్లె వాణ్ణి నేను, గిటార్ నాది. డ్రమ్స్ వాయించే మిత్రుడిది పుంగనూరు. పాడే అమ్మాయిది కుప్పం. సినిమా పాటల జోలికి పోకూడదని, సొంతంగా కట్టుకున్నవే పాడాలని మొదటిరోజే అనుకున్నాం.

నేను గిటార్ నేర్చుకుంది చర్చిలో. తర్వాత ఫోన్లో విదేశీ బ్యాండులు వింటూ, తీగలన్నీ గలగలమనేలా వాయించడం పట్టుకున్నాను. పుంగనూరు వాడి నాన్న జాతరల్లో, చావుల్లో పలక కొట్టేవాడు. ఆ దరువే వీడి చేతుల్లోకీ వచ్చింది. ఎంత హుషారైన పాటలోనైనా అడుగున శవం వెంట నడిచే నడక వినిపించేది. పాడే అమ్మాయేమో వాళ్ల అవ్వ వేరుశనగ చేలో కలుపు తీస్తూ పాడే పాటలు వింటూ పెరిగింది. వాటిలో తెలుగెంతో, తమిళమెంతో, కన్నడమెంతో తనకే తెలియదు. పదం చివర గొంతు కాస్త విరిచి వదిలేసేది. మా పాటలన్నీ ఆ విరుపు చుట్టూ కట్టుకున్నవే.

చదువయ్యాక కూడా మానలేదు. హార్స్‌లీ హిల్స్‌లో ఒక రిసార్టు వాళ్లు ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ వాయించమన్నారు. పాట మధ్యలో మేనేజరు దగ్గరికొచ్చి, "ఈ పాటలు ఎవురికి తెలుసప్పా? తెలిసినేటివి పాడండి" అన్నాడు. ఆమె అతని వైపు చూడకుండా పాట పూర్తి చేసింది. మూల బల్ల దగ్గర ఒక పెద్దాయన తినడం ఆపి విన్నాడు. కొండ దిగేదాకా బస్సులో ఆయన గురించే మాట్లాడుకున్నాం.

ఆ ఏడే ఆమె మెడలో గడ్డ లేచింది. థైరాయిడ్ ఆపరేషన్ చేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. గొంతు మాత్రం తిరిగి రాలేదు. నెలలు గడిచినా గుసగుసలా గాలే వచ్చేది.

ఇద్దరం కుప్పం వెళ్లాం. గిటార్ తీసుకుపోవాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి తీసుకుపోయాను.

"వాయించప్పా, సూస్తాం" అంది.

మా పాటే ఎత్తుకున్నాను. మొదటి పదానికి గాలి వచ్చింది. రెండో పదానికి అదీ రాలేదు. నా చెయ్యి ఆగింది.

"యాల ఆపినావు? వాయించు."

చివరిదాకా వాయించాను. ఆమె పెదవులు మాత్రం కదుపుతూ కూర్చుంది. పుంగనూరు వాడు లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు.

బయలుదేరేటప్పుడు, "ఇంకొకర్ని పెట్టుకోండప్పా. నా కోసరం కాసుకోని ఉండొద్దండి" అంది.

పెట్టుకున్నాం. బి.కొత్తకోట నుంచి ఒకమ్మాయి వచ్చింది. శ్రుతి తప్పకుండా, చక్కగా పాడింది. ఆ కొత్తమ్మాయి వెళ్లాక పుంగనూరు వాడు, "బాగానే ఉండాది రా. అయితే ఇది మన పాట కాదు" అన్నాడు. నేనూ కాదనలేకపోయాను. ఆ తర్వాత మేం కలిసి వాయించలేదు.

వాడిప్పుడు టమోటా మండీలో పని చేస్తున్నాడు. నేను రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగంలో ఉన్నాను. కుప్పం నుంచి ఫోన్లు రావు, మెసేజీలే. పోయిన వారం, "కొత్తవి ఏమన్నా కట్టినారా?" అని అడిగింది.

లేదని రాశాను.