గిడ్డమ్మ పంచిన బరువు

గిడ్డమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ మా గుంపులోని పన్నెండు మంది ఆడవాళ్లలో ఎవరు ఏ రోజు తలకు పోసుకున్నారో అడిగితే ఠక్కున చెప్పేది. ఆదోని పక్కన తుంగభద్ర కాలువ తవ్వే రోజుల్లో మా గుంపుకు ఆమే పెద్ద.

ముట్టయితే ఇంట్లో పొయ్యి ముట్టుకోనియ్యరు. కాలువ దగ్గర మట్టి తట్టకు మాత్రం ఆ మైల అంటదు కాబోలు, దినామూ మోయాల్సిందే. ఒకసారి నేను ముట్టయిన రెండో రోజే నిండు తట్టతో కాలువ కట్టెక్కి కళ్లు తిరిగి పడ్డాను. అప్పటినుంచి గిడ్డమ్మ పని మార్చేసింది. ముట్టు రోజుల్లో ఉన్నవాళ్లు కింద కూర్చుని తట్టలు నింపాలి. తలకు పోసుకున్నాక వారం పది రోజులు ఒంట్లో సత్తువ ఎక్కువ కాబట్టి, రాళ్లు మోయడం వాళ్ల వంతు. పని తగ్గలేదు, పడేవాళ్లే లేకుండా పోయారు.

మేస్త్రీ దేవేంద్రప్పకు ఇది గిట్టలేదు.

"బరువు మోసేదానికి గూడా పంచాంగమా గిడ్డమ్మా? ఆ గుండు సోమారం కట్ట మీదికి మొయ్యి. మోస్తే నీ మాట నడస్తాది. లేకుంటే అందరూ దినామూ మోయాల్సిందే" అన్నాడు, కాలువలో పడున్న పెద్ద బండరాయిని చూపిస్తూ.

సోమవారం పొద్దున్నే గిడ్డమ్మకు ముట్టయింది. నాకు ఏడుపొచ్చింది. మళ్లీ ఆ కట్ట, ఆ కళ్లు తిరగడం తప్పదనుకున్నాను. ఆమె మాత్రం తాపీగా వక్కాకు నములుతూ నావైపు తిరిగింది.

"రామేశ్వరమ్మా, నువ్వు తలకు పోసుకుని ఎనిమిదో దినం గదా. నువ్వు మొయ్యి."

"నేనా? గాలొస్తే పోయేటట్టు ఉండాను గదక్కా."

"మోసి చూడు."

ఇద్దరు కలిసి గుండు ఎత్తి నా తలమీద పెట్టారు. మెడ పట్టేసింది గానీ కాళ్లు వణకలేదు. కట్టెక్కి గుండు దించాను. నాకే నమ్మబుద్ధి కాలేదు.

"నిన్ను గదా మోయమన్నది" అన్నాడు మేస్త్రీ.

"ఈపొద్దు నేను మోయలేనప్పా, ఆయమ్మ మోస్తాది. ఇన్నాళ్లూ నేను చెప్తాండేది అదే గదా."

మేస్త్రీ బీడీ వెలిగించుకుని వెళ్లిపోయాడు.

పది రోజుల తర్వాత తన కూతురు సుంకమ్మను పనికి తీసుకొచ్చాడు. పిల్లను దూరంగా నిలబెట్టి, గిడ్డమ్మ దగ్గరికొచ్చి, నేలచూపులు చూస్తూ గొంతు తగ్గించాడు.

"మా పాప నిన్నట్నుంచి బయట ఉండాది. తట్టలు నింపేకాడ కూసోబెట్టు గిడ్డమ్మా."

గిడ్డమ్మ నవ్వలేదు. "రాయే పాపా" అని సుంకమ్మకు తన పక్కనే చోటిచ్చింది. మేమే నోట్లో కొంగులు కుక్కుకుని కడుపు నొప్పెట్టేలా నవ్వుకున్నాం.